అరువు బండి

బండి ఆగిపోతే
ముందు చూడాల్సింది ఇంజను కాదంటాడు కూర్మాచారి మామ,
దిగినవాళ్ల సంచులు.

పర్లాకిమిడి నించి ఉదయగిరి దాకా
ముప్పై ఏళ్ల పెట్రోలు జీపు.
పదిమందికి పర్మిట్టు, పద్దెనిమిదిమంది జనం,
నాలుగు కోళ్లు, టాపు మీద అనాసపళ్ల గంపలు.
నేను క్లీనర్ని. వెనక మెట్టే నా సీటు.

కొండెక్కే మొదటి మలుపులో రేడియేటరు చెమర్చింది.
"ఎవరి దగ్గరన్నా పసుపుందేటమ్మా?"
అడిగిన తీరుకి ఏదో పేరంటమనుకుంది ముసలమ్మ,
పెళ్లిసరుకు మూట విప్పి గుప్పెడు తీసిచ్చింది.
నీళ్లలో కలిసి పసుపు
లోపలెక్కడో చిల్లిని వెతుక్కుంటూ పోయింది.
కాసేపు పచ్చగా కారింది,
తర్వాత పుండు మానినట్టు మానింది.

టాంకీ అడుగు బీటకి సబ్బు.
బృందాబన పాఢి మేష్టారు
కొత్త ఎర్రసబ్బుని సరిగ్గా సగానికి విరిచి
ఒక ముక్క నా దోసిట్లో పెట్టేరు,
రెండోది కాగితంలో చుట్టుకుంటూ
ఒరియాలో ఏదో లెక్క కట్టుకున్నారు.

ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలో వెండికాగితం.
పెట్టె చింపేం కదా,
జీడిపిక్కల షావుకారు తక్కిన ఏడు సిగరెట్లూ
జేబులో నలిగిపోతాయని
వరసాగ్గా కాల్చేసి, కొండ దిగేదాకా దగ్గేడు.

ఇంజను కింద బుష్షు అరిగిపోయి
బండి జ్వరమొచ్చినట్టు వణికిన రోజున
అడగలేదు మామ.
సవర సుంబారి చెప్పులు విడిచి
జారిపోయిన కోడి కాళ్లు కట్టుకుంటోంది.
తిరిగి చూసేసరికి ఎడమకాలి హవాయి
గుండ్రంగా, అట్టుముక్కల్లా, రెండు బిళ్లలైపోయింది.
"వారంలో కొత్త జత కొనిస్తాను."
ఏ వారమో చెప్పలేదు.
వణుకు తగ్గింది బండికి.
ఆవిడ ఒక్క చెప్పుతో దిగి,
నాలుగడుగులేసి, దాన్ని కూడా చేత పట్టుకుంది.

వానలో వైపరు చచ్చిపోతే పురికొస.
ఇటు మేష్టారు, అటు షావుకారు,
కవ్వం తాడు లాగినట్టు ఒకరి తర్వాత ఒకరు.
వెన్న రాలేదు గానీ
రోడ్డు కనపడింది.

ఇక ఆ రాత్రి సంగతి.
ఘాటీ నడిమధ్య పెట్రోలు పంపు పనిమానేసింది.
మళ్లీ సంచుల వైపు చూసేడు మామ.
నర్సు సుకాంతి తన సంచిని గట్టిగా ఒళ్లోకి లాక్కుంది.
"కొత్తది ఇవ్వను. పైన పేషెంటు ఉంది.
వాడేసింది ఒకటుంది, కావాలంటే తీసుకో."
సెలైను సీసాలో పెట్రోలు పోసి
గొట్టాన్ని కార్బురేటరుకి తగిలించేం.
ఎవడైనా బీడీ ముట్టిస్తే లోయలోకి తోసేస్తానని అరిచేడు మామ.
బానెట్టు తీసేసి, మడ్‌గార్డు మీద తనే కూచుంది సుకాంతి,
ఒక చెయ్యెత్తి సీసా, ఇంకో బొటనవేలు చక్రం మీద.
ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే ఆరిపోతుంది.
పదకొండు కిలోమీటర్లు
చుక్కలు లెక్కపెట్టింది ఆ పిల్ల.
"ఎలాగుంది?" అని మామ స్టీరింగు దగ్గర్నించి.
"ఉంది, ఉంది, పోనీ."
ఆసుపత్రి లాంతరు కనపడ్డాక
చెయ్యి దించమంటే దిగలేదు,
అలాగే బిగుసుకుపోయింది గాల్లో.

జీపు బరంపురంలో తుక్కుకి పోయింది.
తూకం వేసినవాడు
సబ్బుకీ పసుపుకీ డబ్బులివ్వలేదు.

ఇప్పుడు నాకో షెడ్డుంది. అట్టపెట్టెల్లో కొత్త సామాన్లు,
అచ్చువేసిన బిల్లు పుస్తకం.
సుంబారి సంతలో పసుపుకొమ్ములు పోసుకుని కూచుంటుంది.
నన్ను చూడగానే ఎడమకాలు ముందుకి చాపుతుంది,
"నా చెప్పేదీ?"
ఇప్పటికి మూడు జతలు కొనిచ్చేను.
తీసుకుంటుంది, వేసుకుంటుంది,
మళ్లీ సంతకి
మళ్లీ అడుగుతుంది.